మూలం పేరుతో మూలకు నెట్టకండి

ఫైనల్ ఫాంటసీ 6 అనే జపాన్ వీడియో ఆటలో ఒక సంగీత నాటకం వస్తుంది. సామ్రాజ్యం కొలువు వదిలి వచ్చిన సెలెస్ అనే సేనాని, మరియా అనే గాయని వేషం కట్టి రంగస్థలం ఎక్కుతుంది. 1994లో ఆ ఆట వచ్చిన సూపర్ ఫామికామ్ యంత్రంలో మాటలతో పాట వినపడలేదు. గొంతును పోలిన ఒక నాదం రాగం తీస్తుంటే సాహిత్యం తెర మీద అక్షరాలుగా నడిచేది. 2022లో అదే ఆట పిక్సెల్ రీమాస్టర్‌గా మళ్లీ వచ్చినప్పుడు స్క్వేర్ ఎనిక్స్ ఆ ఘట్టాన్ని నిజమైన గాయకులతో పాడించింది. జపనీస్, ఇంగ్లీషు, ఇటాలియన్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, కొరియన్. మొత్తం ఏడు భాషలు.

ఇటలీ జనాభా ఆరు కోట్లు దాటదు. దక్షిణ కొరియా జనాభా ఐదు కోట్ల చిల్లర. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మా మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 8 కోట్ల 11 లక్షల మంది. అయినా ఆ ఏడింటిలో మన భాష లేదు. పాట దాకా ఎందుకు, ఆ ఆటలో ‘అవును’, ‘కాదు’ అనే రెండు ముక్కలు కూడా తెలుగులో కనపడవు.

కర్నూలు జిల్లా కల్లూరులో కూర్చుని ఇదేం గోల అంటారని నాకు తెలుసు. కరువు సీమలో తాగే నీళ్ల గురించి రాయక జపాన్ ఆటల గురించి రాస్తాండావేందప్పా అని అడిగేవాళ్లున్నారు. నీళ్లకూ మాటకూ పోటీ పెట్టేవాడు చివరికి రెండూ ఇవ్వడు. సీమకు ఏది అడిగినా ‘ముందు అది రానీ, తర్వాత ఇది చూద్దాం’ అనే జవాబే వింటూ పెరిగినవాళ్లం. ఆ వరసలో ఇంక నిలబడేది లేదు. మా పిల్లోల్లు ఆడే ఆట మా మాటల్లో ఉండాలి. ఎందుకు లేదో, ఎవరు అడ్డం పడుతున్నారో తేలాలి.

మొదటి అడ్డం వ్యాపారిది. తెలుగులో కొనేవాడు లేడంటాడు. ఈ మాట ఒకప్పుడు అమెరికాను చూసి కూడా అన్నారు. మొదటి ఫైనల్ ఫాంటసీ జపాన్‌లో 1987లో వస్తే అమెరికాకు 1990లో గానీ చేరలేదు. ఆ తర్వాత రెండు, మూడు, ఐదు భాగాలను అప్పట్లో అక్కడికి పంపనే లేదు. అందుకే నాలుగో భాగం అమెరికాలో ‘రెండు’ అయింది, ఆరో భాగం ‘మూడు’ అయింది. అంకెలు కూడా తారుమారయ్యేంత చిన్నచూపు! 1997లో ఏడో భాగాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, ప్రచారం మీద డబ్బు కుమ్మరించాక అదే అమెరికా జపాన్ చేసే ఈ రకం కథల ఆటలకు పెద్ద బజారు అయింది. కొనేవాళ్లు ముందే బారులు తీరి నిలబడితే ఆ తర్వాత అనువాదం రాలేదు. అనువాదం వచ్చాక కొనేవాళ్లు పుట్టారు. ఇది వాళ్ల సొంత చరిత్ర. మన దగ్గరికొచ్చేసరికి ఆ పాఠం మరిచిపోతారు.

తెలుగుకు విలువ లేదని అనుకుంటున్నారా అంటే అదీ కాదు. ‘ఆర్‌ఆర్‌ఆర్’ 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలై, అంతకుముందు తమిళ సినిమా ‘ముత్తు’ పేరున ఉన్న వసూళ్ల రికార్డును దాటింది. 2023లో జపనీస్ డబ్బింగ్ కూడా వచ్చింది. జపాన్ ఆటల దర్శకుడు హిదెయో కొజిమా ఆట ‘డెత్ స్ట్రాండింగ్ 2’ 2025 జూన్‌లో వచ్చింది. అందులో రాజమౌళి ముఖం ఉంది, ఆయన కొడుకు కార్తికేయ ముఖం ఉంది. తెలుగు మాట మాత్రం లేదు. మన ముఖం పనికొచ్చింది, మన నోరు పనికిరాలేదు.

రెండో అడ్డం మన ఇంట్లోనే ఉంది. ‘పిల్లలకు ఇంగ్లీషు వస్తుంది కదా, ఆటల వల్ల ఇంకా బాగుపడుతుంది’ అనే పెద్దమనుషులు వీళ్లు. కర్నూలు నెట్ సెంటర్లలో పాత ఆటలను కంప్యూటర్లో నడిపే ఎమ్యులేటర్ మీద ఈ ఆటలు ఆడినవాళ్లని అడగండి. కత్తి ఎక్కడ కొనాలో తెలిసింది, ఎవరిని కొట్టాలో తెలిసింది. ఎందుకు కొడుతున్నామో, తెర మీద పిల్ల ఎందుకు ఏడుస్తుందో చానామందికి తెలియలేదు. ఈ రకం ఆటలో సగం మాటలే. కథ అర్థం కాకుండా నలభై గంటలు ఆడడం అంటే గుడి చుట్టూ తిరిగి లోపలికి పోకుండా వచ్చేయడమే. ఇంగ్లీషు నేర్చుకునేందుకు బళ్లున్నాయి. ఆట ఆడేది ఆడుకునేందుకే.

మూడో అడ్డం మీదే నాకు అసలు కోపం. వీళ్లు మూలం భక్తులు. జపనీస్‌లో ఒక్క వాక్యం రానివాళ్లు కూడా ‘అనువాదంలో మూలం చచ్చిపోతుంది, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడాలి, అదీ ఇంగ్లీషు సబ్‌టైటిల్స్’ అని తీర్పులిస్తారు. తెలుగు డబ్బింగ్ అంటే నవ్వులాట వీళ్లకు. వీళ్లు కొలిచే ఇంగ్లీషు కూడా అనువాదమే అన్న సంగతి గుర్తుండదు. ఆ ఇంగ్లీషు ఎట్ల పుట్టిందో తెలిస్తే ఇంత బింకం ఉండదు.

ఫైనల్ ఫాంటసీ 6ను ఇంగ్లీషులోకి తెచ్చింది టెడ్ వూల్సీ. ఆయనకు ఇచ్చిన గడువు సుమారు 30 రోజులు. ఆట మొత్తం 24 మెగాబిట్ల కార్ట్రిడ్జ్‌లో పట్టాలి. అంటే 3 మెగాబైట్లు. ఇవాళ ఫోన్లో తీసిన ఒక ఫోటో అంత. జపాన్ లిపిలో రెండు మూడు గుర్తుల్లో ఒదిగే మాట ఇంగ్లీషులో బారెడు అవుతుంది. కాబట్టి రాసినదాన్ని కోయాలి, మళ్లీ కోయాలి. పాత్ర పేరు ఆరు అక్షరాలు దాటకూడదు. మంత్రాల పేర్లకు చోటు చాలక రెండో అంచె నిప్పు మంత్రం ‘ఫైర్ 2’ అయింది. దీని పైన నింటెండో అమెరికా శాఖ నిబంధనలు. మతం కనపడకూడదు, మందు కనపడకూడదు, ఒళ్లు కనపడకూడదు, తిట్లు వినపడకూడదు.

ఇంత ఇరుకులో జరిగిన మార్పులన్నిటినీ ఒకే గాటన కట్టి ‘పాడుచేశారు’ అనడం సోమరితనం. వాటిలో మూడు రకాలున్నాయి.

ఒకటి భయంతో చేసినవి. సారాయి అంగళ్ల బోర్డులు కాఫీ అంగళ్లు అయ్యాయి. ‘హోలీ’ అనే మంత్రం దైవం పేరు తగులుతుందని ‘పెర్ల్’ అయింది. దేవతల బొమ్మలకు అదనంగా బట్టలు తొడిగారు. అన్నిటికన్నా ఘోరం ఇంకొకటి. లోకం నాశనమయ్యాక సెలెస్ ఒక దీవిలో ఒంటరిగా మిగులుతుంది. తాతలాంటి సిడ్ కూడా చనిపోతే కొండ అంచు నుంచి దూకేస్తుంది. ఆట మొత్తానికి గుండెకాయలాంటి ఘట్టం అది. ఇంగ్లీషులో ఏం చేశారంటే, మనసు బాగాలేనప్పుడు అక్కడి నుంచి దూకితే హుషారు వస్తుందని అంతకుముందున్న వాళ్లు దూకేవారట అనే ధోరణిలో మాటలు పెట్టారు. చావాలనుకున్న మనిషి దుఃఖాన్ని వ్యాయామంగా మార్చారు. అప్పుల పాలై రైతులు ప్రాణాలు తీసుకున్న నేల మీద నిలబడి చెప్తున్నా: ఈ రకం మార్పును నేను క్షమించను. దుఃఖాన్ని దాచిపెడితే ఎవరూ బతకరు.

రెండోది చోటు చాలక చేసినవి. వాటికి కార్ట్రిడ్జ్ బాధ్యత, గడువు పెట్టిన యజమాని బాధ్యత. కూలికి వచ్చినవాడిని తిట్టి ఏం లాభం?

మూడోది చెవి కోసం చేసినవి. ఇక్కడే వూల్సీ గొప్పవాడు. ఆటలో నాయిక పేరు జపాన్‌లో టీనా. జపాన్ చెవికి అది దూరదేశపు వింత పేరు. అమెరికాలో వీధికో టీనా ఉంటుంది. అందుకే ఆమెను టెర్రా చేశాడు. పేరు మారింది, ఆ పేరు కలిగించాల్సిన వింత భావం మారలేదు. ఇంకో చోట ఎడారిలో ఉన్న ఫిగరో కోట శత్రువు కళ్లముందే ఇసుకలోకి మునిగి మాయమవుతుంది. వెర్రి విదూషకుడు కెఫ్కా కోపంతో ఊగిపోతాడు. తిట్టాలి, కానీ బూతు రాకూడదు. జలాంతర్గామిలో పనిచేసేవాడి కొడుకా అనే అర్థంలో ఒక విచిత్రమైన తిట్టు అల్లాడు వూల్సీ. మునిగిపోయే కోటకు మునిగే పడవ తిట్టు! 2007లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ కోసం టామ్ స్లాటరీ కొత్త అనువాదం చేసినప్పుడు చానా తప్పులు దిద్దాడు గానీ ఆ తిట్టును మాత్రం ముట్టుకోలేదు. మూలంలో లేని మాట అప్పటికే మూలమంత ముద్దు అయిపోయింది.

1995లో ‘క్రోనో ట్రిగర్’ కూడా వూల్సీ చేతి మీదుగానే వచ్చింది. అందులో మాంత్రికుడి ముగ్గురు సేనానుల పేర్లు జపాన్‌లో వినెగర్, సోయా సాస్, మయొనైజ్‌ల మీద అల్లినవి. ఇంగ్లీషులో వాళ్లను ఓజీ, స్లాష్, ఫ్లీ అని రాక్ సంగీతగాళ్ల పేర్లతో పిలిచాడు. నాకు అప్పగించండి, ముగ్గురికీ చింతొక్కు, ఊరుబిండి, కొరివికారం అని పేర్లు పెడతా. మూలం రచయిత కోరుకున్న నవ్వు కర్నూలులో కూడా పుట్టాలంటే దారి అదే.

ఇంత చెప్పినా మూలం భక్తులు ఒప్పుకోరు. వాళ్లకు మన ఇంటి సాక్ష్యాలే చూపిస్తా. తిక్కన భీష్మపర్వానికి వచ్చేసరికి 700 శ్లోకాల గీతను కొద్ది పద్యాలకు కుదించాడు. తెలుగు భారతం చచ్చిపోయిందా? మా కొండారెడ్డి బురుజు దగ్గరికే రండి. 2003లో ‘ఒక్కడు’లో ఓబులరెడ్డిగా వేసిన ప్రకాశ్‌రాజ్ చేతుల్లోంచి మహేశ్‌బాబు నాయికను తప్పించింది ఇక్కడే. 2004లో అదే కథ తమిళంలో ‘గిల్లి’ అయినప్పుడు కర్నూలు పోయి మదురై వచ్చింది, హైదరాబాద్ పోయి చెన్నై వచ్చింది. ఓబులరెడ్డి ముత్తుపాండి అయ్యాడు. బురుజు లేని ‘గిల్లి’ని తమిళులు ఎంత సొంతం చేసుకున్నారంటే, ఇరవై ఏళ్ల తర్వాత 2024లో మళ్లీ విడుదల చేస్తే థియేటర్లు నిండిపోయాయి. వాళ్లు మూలాన్ని చంపలేదు. తమ ఊళ్లో మళ్లీ పుట్టించుకున్నారు.

జపాన్‌వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. అందరూ ఆడవాళ్లే నటించే తకరజూకా సంస్థ 2024 జనవరిలో ‘ఆర్‌ఆర్‌ఆర్’ను సంగీత నాటకంగా ఆడింది. కొమరం భీముడి వైపు నుంచి కథ నడిపింది. భీముడూ ఆడమనిషే, రామరాజూ ఆడమనిషే. మన కథను వాళ్లు ఇంత ధైర్యంగా మార్చుకుంటే చప్పట్లు కొట్టాం, వీడియోలు పంచుకున్నాం. వాళ్ల కథను మనం మార్చుకుందాం అంటే మాత్రం మూలం, పవిత్రత, అపచారం! ఈ రెండు నాలుకలు ఎందుకు?

ఇప్పుడు యాస సంగతి. తెలుగులో అసలు ఏమీ రావడం లేదని నేను అనను. జపాన్ యానిమేలు ఈ మధ్య తెలుగు మాట్లాడుతున్నాయి. ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ 2025 సెప్టెంబరులో తెలుగులో కూడా థియేటర్లకొచ్చింది. సంతోషం. కానీ ఆ తెలుగు ఎవరిది? ఊరు లేని తెలుగు, వయసు లేని తెలుగు. పల్లెటూరి బోయవాడూ, రాజగురువూ, పదేళ్ల పిల్లాడూ ఒకే ఇస్త్రీ భాష మాట్లాడతారు. పొరపాటున యాస వచ్చిందంటే అది నవ్వించేవాడికో, నరికేవాడికో.

సీమ భాషకు సినిమా ఇచ్చిన వేషం చూడండి. ‘సమరసింహారెడ్డి’ 1999, ‘ఇంద్ర’ 2002. అప్పటి నుంచి మా మాట తెర మీద వినపడిందంటే వెనకాల సుమోలు రావాల్సిందే, వేటకొడవళ్లు లేవాల్సిందే. మా అమ్మ లాలి పాడే భాష, మా అంగడాయన లెక్క చెప్పే భాష, మా అవ్వ కథ చెప్పే భాష అదే అని ఎవరికీ పట్టలేదు. 2018లో ‘అరవింద సమేత’ పెంచల్‌దాస్ లాంటి సీమ మనిషిని పక్కన పెట్టుకుని యాస దిద్దుకుంది. పెద్ద హీరో నోటికి యాస పలికించేందుకు మనిషి దొరికినప్పుడు, డబ్బింగ్‌కు ఎందుకు దొరకడు? అడిగితే కదా దొరికేది.

బయట ఎట్ల చేస్తున్నారో చూడండి. ‘నీ నో కునీ’ ఆటలో షిజుకు అనే బుల్లి ప్రాణి జపాన్‌లో ఒసాకా ప్రాంతం యాస మాట్లాడుతుంది. 2013లో వచ్చిన ఇంగ్లీషులో దానికి వేల్స్ యాస పెట్టి, డ్రిప్పీ అని పేరు మార్చారు. వేల్స్‌వాళ్ల గొంతు అంతమంది దేశదేశాల పిల్లలకు నేస్తమయింది. 2008లో ‘డ్రాగన్ క్వెస్ట్ 4’ను నింటెండో డీఎస్‌కు ఇంగ్లీషులో తెచ్చినప్పుడు ఒక్కో రాజ్యానికి ఒక్కో యాస ఇచ్చారు, స్కాట్లాండు నుంచి రష్యా దాకా. ఊరు మారితే మాట మారుతుందని ఆటగాడి చెవికి తెలిసింది. తెలుగుకు ఇట్లాంటి ఆట దొరికితే ఎంత పండగ! ఒక రాజ్యం శ్రీకాకుళం, ఒక రాజ్యం పాలమూరు, ఒక రాజ్యం నెల్లూరు. ఆదోని వైపు కన్నడం కలిసిన తెలుగు ఒక సరిహద్దు కోటకు, కర్నూలు పాతబస్తీ ఉర్దూ కలిసిన తెలుగు ఒక రేవు పట్నానికి. ఇన్ని రంగులు ఇంట్లో పెట్టుకుని సున్నం కొట్టిన గోడను చూపిస్తున్నాం.

మళ్లీ ఆ సంగీత నాటకం దగ్గరికి వస్తా. దాన్ని తెలుగులో పాడించాలంటే ఇటలీ ఒపేరా ఎందుకు? సీమలో నాటకానికి కరువా? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచక వధ’తో మొదలుపెట్టిన సమాజం ఈనాటికీ నాటకాలు ఆడుతూనే ఉంది. గాల్లో తేలే మనుషులు, కళ్లముందే మారిపోయే తెరలు వాళ్ల సొత్తు. అప్పట్లో దత్తమండలాల్లో భాగమైన బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెలుగు నాటకం చేత పాటలు, పద్యాలు పాడించాడు. ఫైనల్ ఫాంటసీ ఘట్టంలో ఏముంది? విరహంతో పాడే నాయిక, యుద్ధానికి పోయిన ప్రియుడు, బలవంతంగా పెళ్లాడాలని చూసే రాకుమారుడు, అటక మీద నుంచి నాలుగు టన్నుల బరువు పడేసి నాటకం చెడగొట్టాలని చూసే ఆక్టోపస్, గాయనిని ఎత్తుకుపోవాలని విమానంలో వచ్చే జూదరి. ఇది పుట్టుకతోనే సురభి నాటకం! హార్మోనియం మెట్టు మీద సెలెస్ రాగం తీసి పద్యం ఎత్తుకోవాలి. పద్యం ముగిసేసరికి వెనక బెంచీల నుంచి ‘వన్స్ మోర్’ అని కేక పడాలి. ఆటగాడు సరైన చరణం ఎంచుకోకపోతే నాటకం ఆగిపోతుందని అసలు ఆటలోనే నియమం ఉంది. పద్యం తప్పితే ఊరుకోని జనం మనకన్నా ఎవరున్నారు?

కెఫ్కా తిట్టు కూడా నా దగ్గర తయారుగా ఉంది. కోట ఇసుకలోకి దిగిపోతుంటే వాడు అరవాల్సింది ఒక్కటే: ‘మీ నోట్లో మన్ను బడ!’ బూతు లేదు, ఘట్టానికి అతికింది, సీమలో పుట్టింది. వూల్సీ విన్నా ఒప్పుకుంటాడు.

సాంకేతికం కుదరదు అనే సాకు కూడా తెస్తారు. ఒత్తులు, గుణింతాలు తెర మీద సరిగ్గా కూర్చోవంటారు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం తగిలితే ఐఓఎస్ 11 ఉన్న ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచమంతా నవ్వుకుంది. తప్పు మన అక్షరానిదా, దాన్ని సరిగ్గా నిలబెట్టలేని సాఫ్ట్‌వేర్‌దా? ఆపిల్ రోజుల్లోనే 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. అవసరం తలకెత్తుకుంటే అవుతుంది. 3 మెగాబైట్లలో కొత్త లోకాన్ని కుక్కినవాళ్లకు ఒక ఒత్తు కింద చోటు దొరకలేదంటే నమ్మేదెట్ల?

కాబట్టి అడుగుతున్నా. ఆటల కంపెనీలను అడిగేది: ముందు మాటలు తెలుగులో రాయించండి, గొంతులు తర్వాత. నెల గడువు పెట్టి మనిషిని పిండకండి. రాసినవాడి పేరు వేయండి. ఫైనల్ ఫాంటసీ 6 చివరి జాబితాలో వూల్సీ పేరుంది కాబట్టే తిట్టేవాళ్లకూ మెచ్చేవాళ్లకూ ఆయన తెలుసు. తెలుగులో మాటలు రాసేవాళ్ల పేర్లు అడిగితే ఎంతమంది చెప్పగలరు? భయంతో కత్తిరించకండి. చెవి కోసం ఎంతైనా మార్చండి.

కుర్రోల్లను అడిగేది వేరు. అమెరికాకు ఐదో భాగం రాకపోతే అక్కడి అభిమానులు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఆర్పీజీఈ అనే బృందం సొంతంగా అనువదించి 1998లో పూర్తి చేసింది. కంపెనీకి తెలివొచ్చింది 1999లో. ‘మదర్ 3’ జపాన్‌లో 2006లో వచ్చి అక్కడే ఆగిపోతే క్లైడ్ మాండెలిన్ బృందం 2008లో ఇంగ్లీషు చేసింది. కావాలంటే మా అనువాదం ఊరికే తీసుకోండి అని నింటెండోకు చెప్పింది కూడా. కోడింగ్ నేర్చి హైదరాబాద్‌కూ బెంగళూరుకూ పోయిన సీమ పిల్లలు వేలల్లో ఉన్నారు. అవ్వ మాట మరిచిపోని వాళ్లు అందులో పదిమంది చాలు.

మొదటి తెలుగు అనువాదంలో తప్పులుంటాయి. ఉండనీ. ఏ పేరో చెడుతుంది, ఏ నవ్వో పేలదు, ఏ పద్యంలోనో యతి తప్పుతుంది. దాన్ని పట్టుకుని కల్లూరు టీ అంగట్లో కొట్లాడుకుందాం, రాసినవాణ్ని కడిగిపారేద్దాం, ఇరవై ఏళ్లకు ఇంకొకడు వచ్చి దిద్దుతాడు. చెడ్డ అనువాదాన్ని తిట్టుకునే హక్కు ఇంగ్లీషువాళ్లకు 1994 నుంచి ఉంది. మాకు అది కూడా లేదు. అది ఇయ్యండి ముందు, మెచ్చుకోవాల్నా నరకాల్నా మేం తేల్చుకుంటాం.